గుల్లలు పట్టని లైఫ్‌జాకెట్

డిటెక్టివ్ షెడ్డులోకి అడుగుపెట్టేసరికి లైఫ్‌జాకెట్ బల్ల మీద ఉంది. నారింజ రంగుది, తడిది. ప్రతి ఆదివారం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెత్తను ఏరి తెచ్చి రకాలవారీగా వేరు చేసే బల్ల అది. మామూలుగా దాని మీద సీసాలు, వలముక్కలు, ఒంటి చెప్పులు, థర్మోకోల్ పెచ్చులు కుప్పలుపోసి ఉంటాయి. ఇవాళ వాటన్నిటినీ ఒక పక్కకు నెట్టి లైఫ్‌జాకెట్‌కు చోటిచ్చారు. వాలంటీర్లు చేతుల రబ్బరు తొడుగులు కూడా తీయకుండా చుట్టూ నిలబడ్డారు. బల్లకు అవతల, షెడ్డులో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో, ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు.

“వచ్చావా మరిదీ,” అంది వదిన. “ఏడేళ్లుగా చెత్త ఏరడానికి రమ్మంటే నడుంనొప్పి అన్నావు. పోలీసులు వచ్చారని ఫోన్ చెయ్యగానే నడుం బాగైపోయిందే.”

ఈ ఆదివారం ముఠాను మొదలుపెట్టింది డిటెక్టివ్ వదినే. జాగ్రఫీ టీచరుగా రిటైరైన మర్నాడే చేతికి తొడుగులు వేసుకుని ఒడ్డున పడింది. ఊళ్లో సగంమందికి ఆమె పాఠాలు చెప్పింది. ఆ సగంలో ఇన్‌స్పెక్టర్ కూడా ఉన్నాడు. అతను అందరినీ కసురుతాడు గానీ ఆమె ముందు మాత్రం గొంతు పెంచడు.

డిటెక్టివ్ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ టైలరమ్మ వైపు చూశాడు. ఆమె లైఫ్‌జాకెట్ వైపు చూడటం లేదు.

ఈ వ్యవహారంలోకి అతన్ని దించింది ఆమే. నెల క్రితం ఒక చేపల పడవ రేవు నుంచి బయల్దేరి తిరిగి రాలేదు. అందులో ఇద్దరే ఉన్నారు. పడవ యజమాని ఆమె భర్త, రెండోవాడు ఆమె తమ్ముడు. ఆ బావకీ బావమరిదికీ ఏడాదిగా మాటల్లేవు. ఒకసారి తమ్ముడు పడవను రేవు గోడకు గుద్దితే, బావ పదిమంది ముందు ‘కళ్లు కనపడవా’ అన్నాడు. అంతే. అప్పట్నుంచి ఒకే పడవలో పని, ఒకే గిన్నెలో తిండి, కానీ ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడింది లేదు. ఇంజన్ ఆపాలనిపిస్తే బావ ఆకాశంకేసి చూసి, ఇప్పుడు ఆపితే బాగుంటుంది అనేవాడట. బావమరిది చుక్కానితో చెప్పినట్టు, ఆపుతున్నా అనేవాడట. రేవులో అందరూ ఇది చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. పడవ రాకపోయేసరికి ఆ నవ్వులాటే హత్యకు కారణమై కూర్చుంది.

యజమాని చివరిసారి వైర్‌లెస్‌లో మాట్లాడినప్పుడు ఉత్తరం వైపు పోతున్నామన్నాడు. గాలింపు పడవలు ఉత్తరాన అంతా జల్లెడ పట్టాయి. ఒక్క చెక్కముక్క కూడా దొరకలేదు. చివరికి గాలింపు ఆపేశారు. బావమరిది బావను నీళ్లలోకి తోసి, పడవతో ఏ దూరపు రేవుకో పారిపోయాడని ఇన్‌స్పెక్టర్ తేల్చాడు. ఆ మాట విన్నరోజే టైలరమ్మ డిటెక్టివ్ ఇంటికి వచ్చింది. ఏడవలేదు. ఒక్కటే చెప్పింది.

“మా ఆయన బతికుంటే తమ్ముడు పోయినట్టు, తమ్ముడు బతికుంటే ఆయన పోయినట్టు మాట్లాడుతున్నారు సార్. నాకిద్దరూ కావాలి.”

అప్పట్నుంచి డిటెక్టివ్ చుట్టుపక్కల రేవులన్నీ తిరిగాడు. పడవను చూసినవాళ్లు లేరు, కొన్నవాళ్లు లేరు, రంగు మార్చినవాళ్లు లేరు. అతని దగ్గర చెప్పడానికి ఏమీ లేకుండానే ఈ ఆదివారం వచ్చింది.

“అది ఆయనదేనని ఆవిడే చెప్పింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీలోంచి లేవకుండా. “మెడ దగ్గర చిరిగితే పాత కర్టెన్ గుడ్డతో మాసిక వేసిందట. అదిగో, నీలం పువ్వులు. ఇక పట్టీలు చూడండి. నాలుగూ కత్తితో కోసేశారు. మనిషి ఒంటి మీద నుంచి జాకెట్ లాగేసి నీళ్లలోకి తోస్తే ఇలాగే ఉంటుంది. సాయంత్రానికి హత్య కేసు రాస్తున్నాను. ఆ అబ్బాయి ఎక్కడ దాక్కున్నాడో వాళ్లక్కను కూర్చోబెట్టి అడుగుతాను.”

డిటెక్టివ్ తల ఊపాడు. కేసు రాసేలోపు ఒకసారి చూడవచ్చా అని అడిగాడు. చూడమన్నాడు ఇన్‌స్పెక్టర్, చూసి ఏం చేస్తావన్నట్టు.

డిటెక్టివ్ బల్ల దగ్గరకు పోలేదు. ముందు దాన్ని ఏరింది ఎవరని అడిగాడు. పొడుగ్గా, కాస్త వంగి ఉన్న ఒకాయన చెయ్యెత్తాడు. ఊళ్లో పళ్ల డాక్టరు. వారమంతా నోళ్లలోకి చూసి చూసి, ఆదివారం కాస్త దూరం చూద్దామని ఇక్కడికి వస్తానని ఆయనే చెప్పుకుంటాడు.

డిటెక్టివ్ ఆయన్ను చాలా ప్రశ్నలు అడిగాడు. అది ఏ వైపు తిరిగి పడి ఉంది, దాని కిందేముంది, పక్కనేముంది, తీశాక కడిగారా, దులిపారా. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. పోటు తీశాక ఇసుక మీద నాచు ఒక గీతలా మిగులుతుంది కదా, ఆ గీతలో సగం నాచు కింద ఉందట. లోపలివైపు పైకి తిరిగి ఉందట. పట్టకారుతో లాగి, ఇసుక కూడా దులపకుండా నేరుగా బల్ల మీద పెట్టాడట.

“కడగలేదు. కడిగితే టీచరుగారు ఊరుకోరు,” అన్నాడు డాక్టరు. “ఏ వస్తువు ఎక్కడ్నుంచి వచ్చిందో దాని మీదున్న మురికే చెబుతుందంటారావిడ.”

“చోటు చూపించండి,” అన్నాడు డిటెక్టివ్.

షెడ్డు నుంచి ఒడ్డు పిలుపు దూరం. వదిన, డాక్టరు, డిటెక్టివ్ ముందు నడిచారు. ఇన్‌స్పెక్టర్ బూట్లలో ఇసుక పోతుందని గొణుక్కుంటూ వెనక వచ్చాడు. ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. మిగతా వాలంటీర్లు పోలీసుల గొడవ మనకెందుకని మళ్లీ గోతాలు పట్టుకుని బయల్దేరారు. వాళ్లలో ఎవరో సన్నగా పాడుకుంటున్నారు కూడా.

ఇసుక మీద రెండు గీతలున్నాయి. పైన ఉన్నది ఎండి పెళుసుబారిన నాచు. కిందిది ఇంకా తడిగా, ఆకుపచ్చగా ఉంది. పైది పోయిన పున్నమి పోటుదని, కిందిది రాత్రి పోటుదని వదిన చెప్పింది. లైఫ్‌జాకెట్ దొరికింది కింది గీతలో. డాక్టరు అక్కడ ఒక పుల్ల పాతి ఉంచాడు.

డిటెక్టివ్ పుల్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇసుకలో అడుగుజాడలు డాక్టరువి మాత్రమే ఉన్నాయి. లైఫ్‌జాకెట్ పడి ఉన్నచోట దాని ఆకారంలో చిన్న గుంట, గుంట చుట్టూ నీళ్లు సుడి తిరిగిన గుర్తు. అంటే అది అక్కడికి నీళ్లతోనే వచ్చింది. ఎవరూ తెచ్చి పెట్టలేదు. అతను గీత వెంట చేతులతో నాచు పక్కకు తీసుకుంటూ కొంతదూరం పాకాడు. వదిన ఇన్‌స్పెక్టర్‌తో, నడుం చూశావా ఎలా వంగుతోందో, అంది.

నాచులో ఆకుపచ్చ ప్లాస్టిక్ మూతలు కనిపించాయి. కాగితం కప్పుల మీద పెట్టేవి. ఒకటి, రెండు, ఇంకా ముందుకు పోతే గుప్పెడు.

“ఇవెక్కడివి వదినా?”

ఆ ప్రశ్నతో వదిన ముఖం ఎర్రబడింది. అవి టూరిస్టు లాంచీవి. ఆ లాంచీ రోజూ జనాన్ని ఎక్కించుకుని దక్షిణాన ఉన్న దీవికి పోయి వస్తుంది. తాగిన కప్పులన్నీ నీళ్లలోకే. లాంచీ నడిపే సరంగుతో ఆమెకు ఆరునెలలుగా యుద్ధం నడుస్తోంది. ఆయన రేవులో ఆమెను చూస్తే చాలు, తల తిప్పుకుని ఇంజన్ గదిలోకి దూరిపోతాడు.

“ఇవి రోజూ వస్తాయా?”

“రావు. మూడురోజుల కిందట గాలి తిరిగింది. దక్షిణపు గాలి ఉన్నప్పుడే వస్తాయి. ఉత్తరపు గాలైతే నది తెచ్చే సంచులు, రేవు వల తాళ్లు వస్తాయి. వాటితో పాటు ఇవి ఎప్పుడూ రాలేదు.”

డిటెక్టివ్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. సముద్రం వైపు కాసేపు చూశాడు. లాంచీ దారిలో దీవి కాక ఇంకేముందని అడిగాడు. ఏమీ లేదు, పక్షుల దిబ్బ ఒక్కటే అంది వదిన. నీళ్లలోంచి లేచిన పెద్ద రాతిగుట్ట. పక్షులు గుడ్లు పెడతాయి. మనుషులు దిగరు, దిగడానికి చోటు లేదు.

“ఉత్తరానికి పోయిన పడవ దక్షిణాన ఎలా ఉంటుందండీ డిటెక్టివ్‌గారూ?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి.

“అది నాకూ తెలీదు,” అన్నాడు డిటెక్టివ్.

షెడ్డులోకి తిరిగి వచ్చాక అతను బల్ల మీద పక్కకు నెట్టిన కుప్పలోకి చెయ్యి పెట్టి, వలకు కట్టే తెల్లటి తేలుడు బుంగ ఒకటి బయటికి లాగాడు. దాని కిందివైపు గుత్తులుగుత్తులుగా ఏవో వేలాడుతున్నాయి. మెత్తటి కాడలు, కాడల చివర చిటికెనవేలి గోరంత తెల్ల గుల్లలు. అది ఎన్నాళ్లు నీళ్లలో ఉండి ఉంటుందని వదినను అడిగాడు. నెల, లేకపోతే కాస్త ఎక్కువ అందామె. నడిసముద్రంలో తేలే ఏ వస్తువునైనా ఆ గుల్లలు వదలవు. రెండు వారాలు దాటితే మొలకలు కనిపిస్తాయి, నెల దాటితే ఇలా గుత్తులవుతాయి. ఏడేళ్లుగా ఏరుతున్నాం, గుల్లలు పట్టకుండా నెల తేలింది ఒక్కటీ చూడలేదని చెప్పింది.

డిటెక్టివ్ లైఫ్‌జాకెట్‌ను బోర్లించాడు, వెల్లకిలా తిప్పాడు. ఒక్క గుల్ల లేదు. ఒక్క మొలక లేదు.

పళ్ల డాక్టరు జేబులో నోరు చూసే చిన్న అద్దం ఉంది. పొడుగు కాడకు గుండ్రటి అద్దం. ఆదివారాలు కూడా అది లేకుండా బయటికి రాలేనని ఆయన సిగ్గుపడుతూ ఇచ్చాడు. డిటెక్టివ్ దాన్ని కాలరు మడత కిందకు, కుట్ల సందుల్లోకి, బకిల్ వెనక్కు పోనిచ్చి చాలాసేపు చూశాడు. టైలరమ్మ ఇప్పుడు అతని చేతుల వైపే చూస్తోంది.

తర్వాత అతను ఆమెను పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు. పడవలో ఏమేం ఉంటాయని అడిగాడు. కూరలు తరిగే కత్తి, వలలు, ఒక టార్పాలిన్, మంచినీళ్ల డబ్బా అని చెప్పింది. ఆ నీళ్లు ఎన్నాళ్లు వస్తాయంటే వారం అంది. పోయిన నెల బాగా వానలు పడ్డాయి కదా అన్నాడతను. పడ్డాయంది, ఎందుకడుగుతున్నాడో తెలియక.

“మీ తమ్ముడు సిగరెట్ తాగుతాడా?”

ఆమె తల దించుకుంది. “మా ఆయనకు తెలీదు సార్.”

“లైటరు ఎప్పుడూ జేబులో ఉంటుందా?”

ఉంటుందన్నట్టు తల ఊపింది. డిటెక్టివ్ లేచి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, ఈ లైఫ్‌జాకెట్ నీళ్లలోకి పోయి మూడు నాలుగు రోజులు. అంతకు మించి కాదు.”

ఇన్‌స్పెక్టర్ తడుముకోలేదు. గుల్లల సంగతి తానూ విన్నానన్నాడు. తన మాటకు అది బలమే గానీ అడ్డం కాదన్నాడు. ఆ అబ్బాయి ఎక్కడో దాక్కున్నాడు. బావ మునిగిపోయాడని అందరూ నమ్మాలని, నెల తర్వాత జాకెట్ తెచ్చి సముద్రంలో పారేశాడు. అంతే కదా, అన్నాడు.

“మునిగిపోయాడని నమ్మించడానికి కోతల్లేని జాకెట్ చాలు. కత్తి గుర్తు పెట్టి హత్యని తన మీదకే ఎందుకు తెచ్చుకుంటాడు?”

“బుద్ధి తక్కువై.”

“సరే. ఈ కోతలు చూడండి. తొందరలో కోసినవాడు దొరికినచోట కోస్తాడు. ఇక్కడ నాలుగు పట్టీల్నీ మొదలంటా, కుట్టు దగ్గర, కత్తి మొనతో ఒక్కొక్క పోగూ లేపి తీశారు. గుడ్డ ఎక్కడా చీరుకోలేదు. మనిషి ఒంటి మీద ఉండగా ఇలా తియ్యడం కుదరదు. కింద పరుచుకుని తీరిగ్గా తీశారు. అంటే వాళ్లకి పట్టీలు కావాలి. పొడుగు తగ్గకూడదు.”

ఇన్‌స్పెక్టర్ ఈసారి కుర్చీలోంచి లేచి వచ్చాడు. వంగి చూశాడు.

డిటెక్టివ్ ఒకటొకటిగా చూపించాడు. లైఫ్‌జాకెట్ బయటివైపు రంగు పాలిపోయింది, లోపలివైపు కొత్తదానిలా ఉంది. నీళ్లలో తేలేది దొర్లుతూ ఉంటుంది, అన్ని వైపులా ఒకేలా వెలుస్తుంది. ఇది చాలారోజులు ఒకే వైపు ఎండకు పెట్టి కదలకుండా పరిచి ఉంది. కాలరు మడతలో గట్టిపడిన తెల్లటి పొర ఉంది. అది ఉప్పు కాదు, పక్షి రెట్ట. బకిల్ వెనక చిన్న ఈక ఇరుక్కుంది. కింది అంచున గుడ్డ అక్కడక్కడ కరిగి ఆవగింజంత చిల్లులు పడ్డాయి, చిల్లుల చుట్టూ మసి. నిప్పురవ్వలు పడితే నైలాన్ అలాగే కరుగుతుంది.

“పక్షులుండే చోట, పొయ్యి పక్కన, ఎండకి గొడుగులా దీన్ని కట్టుకుని ఎవరో చాలారోజులు బతికారు,” అన్నాడు డిటెక్టివ్. “మూడురోజుల కిందట గాలి తిరిగింది. అప్పుడు ఇది ఎగిరిపోయింది, లేదా వాళ్లే వదిలారు. లాంచీ మూతలతో కలిసి వచ్చింది. ఆ దారిలో పక్షులుండే చోటు ఒక్కటే ఉంది.”

టైలరమ్మ గోడ పట్టుకుని నిలబడింది. “ఎవరో, అంటున్నారు. ఎవరు సార్?”

తెలియనిది తెలుసని చెప్పడం డిటెక్టివ్‌కు ఇష్టం లేదు. జాకెట్ మీ ఆయనది, నిప్పు రాజేసిన లైటరు మీ తమ్ముడిది, రెండూ ఒకేచోట ఉన్నాయి, అంతవరకే చెప్పగలనన్నాడు. ఆమెకు అది చాలినట్టుంది. బల్ల దగ్గరకు వచ్చి మొదటిసారి లైఫ్‌జాకెట్ మీద చెయ్యి వేసింది. నీలం పువ్వుల మాసిక ఒక మూల ఊడితే దాన్ని వేలితో సరిచేసింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. పక్షుల దిబ్బకు పోలీసు పడవ పంపమన్నాడు డిటెక్టివ్. కుదరదన్నాడు ఇన్‌స్పెక్టర్. గాలింపు ముగిసిందని పైవాళ్లకు తానే రాసిచ్చాడు. రేపటి నుంచి గాలులు ముదురుతాయని రేవులో ఎర్రజెండా కట్టారు. ఉన్న ఒక్క పోలీసు పడవా ఇంజన్ విప్పి గట్టు మీద ఉంది.

“ఈక చూపించి, మసి చూపించి పడవ తెప్పించమంటే నన్ను చూసి నవ్వుతారు,” అన్నాడు. “మీకేం, తప్పయితే ఇంటికి పోతారు. నేను ఈ ఊళ్లో ఉద్యోగం చెయ్యాలి.”

“రేపు గాలులొస్తే ఆ దిబ్బ మీద అలలు ఎంత ఎత్తున కొడతాయో మీకు తెలుసు. తప్పయితే మీరు నలుగురి ముందు చిన్నబోతారు. తప్పు కాకపోయి, మీరు పడవ పంపకపోతే వాళ్లుండరు. ఏది పెద్దదో మీరే చెప్పండి.”

ఇన్‌స్పెక్టర్ ముఖం కందిపోయింది. తనకు పాఠాలు చెప్పొద్దన్నాడు. పాఠాలు నేను చెప్పాను గానీ ఆయన కాదు, అంది వదిన ప్రశాంతంగా. “దీవులూ దిబ్బలూ పాఠంలో నీకు నూటికి ఎనభై వచ్చాయి. ఆ దిబ్బకి వెనకవైపు ఎవరైనా ఉంటే ముందునుంచి పోయే లాంచీకి కనపడతారా, కనపడరా?”

“కనపడరు టీచరుగారూ,” అన్నాడతను, నోరు తనకు తెలియకుండానే తెరుచుకున్నట్టు.

“పోలీసు పడవ లేకపోతే లాంచీ ఉంది కదా. ఈ పాటికి దీవి నుంచి తిరిగొస్తూ ఉంటుంది. నీ చేతిలో ఉన్న వైర్‌లెస్ ఇలా ఇవ్వు.”

ఇన్‌స్పెక్టర్ ఇవ్వలేదు. కాసేపు అటూ ఇటూ చూశాడు. టైలరమ్మ మాసిక మీద చెయ్యి తీయకుండా అతన్నే చూసింది. అతను చివరికి తనే వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని లాంచీని పిలిచాడు. సరంగు పలికాడు. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌ను వదిన ముందుకు జరిపాడు. ఆమె పలకరించింది.

“ఇప్పుడేం తప్పు చేశానండీ?” అన్నాడు సరంగు, ఆమె గొంతు గుర్తుపట్టి. “ఇవాళ అందరికీ స్టీలు గ్లాసులే ఇచ్చాను.”

వదిన ఆయన్ను తిట్టలేదు. దిబ్బను చుట్టి వెనకవైపుకు పోయి చూడమని, అక్కడ మనుషులుండవచ్చని నెమ్మదిగా చెప్పింది. వెనకవైపు రాళ్లుంటాయి, అయినా సముద్రం పోటు మీద ఉంది కాబట్టి పోవచ్చు అన్నాడు సరంగు. పోయినవారం ఒకసారి అటు పొగలాంటిది కనబడిందని, మబ్బేమో అనుకున్నానని చెప్పాడు. చెబుతుంటేనే ఆయన గొంతు మారింది.

ఆ తర్వాత వేచి ఉండటమే మిగిలింది. ఒడ్డున పని చేస్తున్న వాలంటీర్లకు సంగతి ఎలా పాకిందో, ఒక్కొక్కరే గోతాలతో వచ్చి షెడ్డు ముందు చేరారు. ఎవరో టైలరమ్మకు టీ కప్పు ఇచ్చారు. ఆమె తాగకుండా చేతులు వెచ్చబెట్టుకుంటూ కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి బూట్లలో ఇసుక దులుపుకున్నాడు. అన్నీ దులిపాక మళ్లీ మొదటి బూటు విప్పాడు. డిటెక్టివ్‌కు అతని మీద ఉన్న కోపం అక్కడే పోయింది.

వైర్‌లెస్ గరగరలాడింది.

“ఉన్నారు,” అన్నాడు సరంగు. వెనక లాంచీలో జనం కేకలు, ఈలలు. “టార్పాలిన్ ఊపుతున్నారు. చిన్న పడవ దించుతున్నా. ఉండండి, ఒకడు, ఇద్దరు... ముగ్గురున్నారు.”

షెడ్డులో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముగ్గురేమిటని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ముగ్గురే, మళ్లీ లెక్కపెట్టానన్నాడు సరంగు.

వాళ్లను లాంచీలోకి ఎక్కించేదాకా ఇంకేమీ తెలియలేదు. తర్వాత వైర్‌లెస్‌లో ఎవరో దగ్గారు. బొంగురు గొంతు, ఎండిపోయిన గొంతు. టైలరమ్మ చేతిలో కప్పు కింద పడింది. ఏమయ్యా అని మాత్రం అనగలిగింది. అవతల భర్త ఆమెను పిలిచాడు, బాగున్నానన్నాడు. వెంటనే ఇంకో గొంతు దూరి, అక్కా ముందు నేను చెబుతానుండు అంది. నువ్వుండరా అన్నాడు బావ. నువ్వే ఉండు బావా, నీకు సరిగ్గా చెప్పడం రాదు అన్నాడు బావమరిది. టైలరమ్మ ఆ ఇద్దరి గొడవ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ల నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. షెడ్డు బయట వాలంటీర్లు చప్పట్లు కొట్టారు. పళ్ల డాక్టరు డిటెక్టివ్‌ను వాటేసుకుని, తర్వాత సిగ్గుపడి వదిలేశాడు.

ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూనే జరిగింది చెప్పారు. ఉత్తరానికి పోతుంటే నీళ్లలో ఒక మనిషి కేకలు వినిపించాయట. పడవ తిప్పి వాడిని పైకి లాగారు. లాగేలోపు ఎవరో ఎప్పుడో తెంచి పారేసిన పాత వల పడవ పంకాకు చుట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది, వైర్‌లెస్ తడిసిపోయింది. ఏడురోజులు ప్రవాహం ఎటు లాగితే అటు దక్షిణానికి కొట్టుకుపోయారు. ఒక తెల్లవారుజామున పడవ దిబ్బ వెనక రాళ్లకు తగిలి ముక్కలైంది. పైకి లాగిన మనిషి కాలు అప్పటికే విరిగి ఉంటే, చెక్క పెట్టి లైఫ్‌జాకెట్ పట్టీలతో బిగించి కట్టారు. పక్షి గుడ్లు, చేపలు తిన్నారు. దిబ్బకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ డబ్బాల్లో వాననీళ్లు పట్టుకున్నారు. మూడురోజుల కిందట గాలికి లైఫ్‌జాకెట్ ఎగిరి నీళ్లలో పడింది. తమ్ముడు దానికోసం దూకబోతే బావ కాళ్లు పట్టుకుని ఆపాడట.

“చనిపోయాడని మీరనుకున్న మనిషే, హంతకుడని మీరనుకున్నవాణ్ని కాపాడాడు,” అని ఎవరూ ఇన్‌స్పెక్టర్‌తో అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. అతను టోపీ తీసి టైలరమ్మ ముందు నిలబడి, పొరపాటు పడ్డానమ్మా అన్నాడు. ఆమె సరే బాబూ అంది. ఆ సమయంలో ఆమె ఎవరినైనా క్షమించేసేలా ఉంది.

డిటెక్టివ్ వైర్‌లెస్ అందుకున్నాడు. మూడో మనిషి ఎవరని అడిగాడు.

బావ చెప్పాడు. ఆ మనిషి ఒక సరుకుల ఓడలో వంటవాడట. ఒకరోజు ఓడవాళ్లు విషపు రసాయనాల పీపాలు నీళ్లలోకి దొర్లిస్తుంటే ఫోన్లో ఫోటోలు తీశాడట. ఓడ కెప్టెన్ చూశాడు. ఆ సాయంత్రమే ఇద్దరు కలిసి అతన్ని రెయిలింగ్ మీదుగా తోసేశారు. ఫోన్ ఇంకా అతని నడుముకు కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఉంది. బావ ఓడ పేరు చెప్పాడు.

ఆ పేరు విని ఇన్‌స్పెక్టర్ రంగు మారింది. ఓడలో వంటవాడు తాగి కాలుజారి సముద్రంలో పడ్డాడని నెల కింద ఆ కెప్టెనే వచ్చి చెప్పాడు. తానే రాసుకుని, కేసు మూసేశాడు.

“ఆ ఓడ ఇప్పుడెక్కడుంది?” అన్నాడు డిటెక్టివ్.

“మన రేవులోనే. పొద్దున వచ్చింది. సరుకు దించుతున్నారు.”

“మనం ఇంతసేపు మాట్లాడిన ఛానల్ ఎవరెవరు వింటారు?”

“రేవులో ఉన్న ప్రతి ఓడా వింటుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. షెడ్డు కిటికీ దగ్గరకు పరుగెత్తాడు. డిటెక్టివ్ అతని వెనకే వెళ్లాడు. ఒడ్డు వంపు తిరిగినచోట రేవు స్పష్టంగా కనిపిస్తోంది. బూడిదరంగు ఓడ పొగగొట్టంలోంచి నల్లటి పొగ గుప్పున లేచింది. గట్టు మీద కూలీలు చేతులూపుతూ అటూ ఇటూ పరిగెడుతున్నారు.

“జీపు ఎక్కండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మీరూ రండి.”

క్రేన్ కొక్కేనికి సగం దించిన సరుకు గాల్లో వేలాడుతుండగానే ఓడ గట్టు నుంచి కదిలింది.